మూలకొట్టు అరుగు కొట్టేయకండి

మా ఊరి మునిసిపల్ కమిషనర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు, టౌన్ ప్లానింగ్ విభాగం వాళ్లకు నమస్కారం.

పోయిన వారం మీ సిబ్బంది రోడ్డు వెడల్పు కోసమని మా వీధికొచ్చి టేపు పట్టి కొలిచి, గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి, ఎన్నడుగులు కొట్టేస్తారో పక్కన అంకెలు వేసి వెళ్లారు. మా ఇంటి ప్రహరీ మీద 3 అడుగులని వేశారు. దాని గురించి నాకేం బాధ లేదు, పోతే మళ్లీ కట్టుకుంటాం. నేను రాస్తున్నది వీధి మొదట్లో ఉన్న పాత కిరాణా షాపు, మా మూలకొట్టు గురించి. దాని మీద 7 అని ఉంది. ఏడడుగులంటే అరుగు, అరుగు మీది వసారా, రెండు కర్ర స్తంభాలు, పలకల తలుపు, పైన పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన "1955" అన్న అంకె, అన్నీ పోయినట్టే. వెనక మిగిలేది నాలుగు గోడల గది. దానికి ఒక రోలింగ్ షట్టరు బిగిస్తే ఊళ్లో ఉన్న వందల షట్టర్లలో అదొకటి అవుతుంది.

మీలో చాలామంది ఆ కొట్టును బండి మీద పోతూ చూసి ఉంటారే తప్ప దాని ముందు నిలబడి ఉండరు. అందుకే అదెలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి.

రెండు వీధులు కలిసే చోటు అది. అక్కడ గోడను మామూలుగా కోణంలా తేల్చకుండా మూలను ఏటవాలుగా తెగ్గోసి, అక్కడ తలుపు పెట్టి, దాని ముందు అరుగు తిప్పారు. దాంతో ఏ వీధిలోంచి వచ్చే మనిషికైనా కొట్టు తెరిచి ఉందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి రెండు వీధులూ కనిపిస్తాయి. పైన బెంగళూరు పెంకుల వసారా. గోడలు గానుగ సున్నంతో కట్టినవి, జానెడు కంటే మందం. సిమెంటు ప్రభుత్వ కంట్రోలులో ఉన్న రోజులు కాబట్టి దాన్ని కిటికీ మీది సన్‌షేడుకి, పిట్టగోడ మీద ఆ అంకెకి, దాని రెండు పక్కలా ఉన్న చిన్న తామరపూలకి మాత్రమే వాడినట్టున్నారు. 1955 అంటే ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు, కర్నూలు మనకు రాజధాని. ఆ రోజుల్లో ఒక కిరాణా కొట్టు ఆయన డబ్బు కూడబెట్టుకుని కట్టుకున్న షాపు మీద రెండు తామరపూలు కూడా పెట్టించుకున్నాడు. ఆ పూల వల్ల ఒక్క పొట్లం కూడా ఎక్కువ అమ్ముడుపోదు కదా, అయినా పెట్టించాడు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇక లోపల. కొట్టు నేల వీధి కంటే మూడడుగులు ఎత్తు. వరద నీళ్లు రాకుండా అనుకుంటాం, అదీ నిజమే, కానీ ఇంకో సంగతి ఉంది. కొట్టు తాత (మా పిల్లలందరికీ ఆయన కొట్టు తాతే) పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు, కొనేవాళ్లు కింద వీధిలో నిలబడేవాళ్లు. అప్పుడు ఇద్దరి కళ్లూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటాయి. కూలికెళ్లి వచ్చిన మనిషైనా, ప్లీడరు గారైనా, ఆయనతో కళ్లలోకి చూసి మాట్లాడాల్సిందే. ఇది నాకు చిన్నప్పుడు తెలీదు. పెద్దయ్యాక కౌంటర్ల వెనక ఎత్తు కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముందు తలెత్తి నిలబడి అర్జీలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

తలుపు గురించి చెప్పకుండా ఉండలేను. పదకొండు టేకు పలకలు, కిందా పైనా గాడిలో ఒక్కొక్కటే దూర్చి పక్కకి జరపాలి. ఏది ఎక్కడ పడుతుందో మర్చిపోకుండా ఒక్కో పలక మీద ఉలితో ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు చెక్కి ఉంటాయి. మేం తెలుగు అంకెలు నేర్చుకుంది బడిలో కాదు, ఆ పలకల మీదే. పొద్దున్నే ఐదున్నరకి పలకలు తీసే చప్పుడుతో మా వీధి లేచేది. తీసిన పలకల్ని గోడకి ఆనించి పెట్టేవాళ్లు. ఎవరింట్లోనైనా పెళ్లి జరిగితే అవే పలకలు ఇటుకల మీద పరిచి బల్లలుగా వాడుకునేవాళ్లు, ఎండాకాలం రాత్రుళ్లు రెండు పలకలు అరుగు మీద వేసుకుని కొట్టు కుర్రాడు పడుకునేవాడు.

షట్టరుకీ దీనికీ తేడా ఎక్కడుందంటే, షట్టరు తెరిస్తే మొత్తం తెరవాలి, మూస్తే మొత్తం మూయాలి. పలకల తలుపు అలా కాదు. జల్లు కొడితే గాలి వచ్చే వైపు నాలుగు పలకలు వేసి మిగతావి తీసి ఉంచొచ్చు. మధ్యాహ్నం భోజనానికి లోపలికి వెళ్తే సగం వేసి వెళ్లొచ్చు. ఏ అర్ధరాత్రో పసిబిడ్డకి కడుపునొప్పి వచ్చి వామో, ఇంగువో కావాల్సి తలుపు తడితే ఒక్క పలక తీసి చెయ్యి బయటికి చాపి ఇస్తే సరిపోతుంది.

ఆ ఒక్క పలక విలువ ఏంటో 1977 నవంబరులో చూశాను. 19వ తారీకున దివిసీమని ఉప్పెన ముంచేసిన రాత్రి మా ఊరిని సముద్రం ముంచలేదు గానీ గాలి మమ్మల్నీ వదల్లేదు. తాటాకిళ్లు లేచిపోయాయి. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోతే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ మంచం కిందకి తోసి పైన బొంతలు వేసింది. తెల్లారి గాలి తగ్గాక చూస్తే వీధంతా కొమ్మలు, తీగలు, నీళ్లు. అందరికీ మొదట కనిపించింది మూలకొట్టులో తీసి ఉన్న ఒక పలక. లోపల లాంతరు వెలుగుతోంది. పుస్తకం తడిసిపోయింది కాబట్టి కొట్టు తాత ఎవరి ఖాతాలోనూ ఏమీ రాయలేదు, ఎవరికేం ఇచ్చాడో నోటితో చెప్పి బియ్యం, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు కొలిచి ఇచ్చేశాడు. తర్వాత నెలల్లో జనం వచ్చి వాళ్లే చెప్పి కట్టారు. అందరూ కట్టారని నేను చెప్పలేను. మా అమ్మ మాత్రం కట్టింది, నేను పక్కనే ఉన్నాను. ఎన్ని శేర్లో ఆవిడకి గుర్తుంది, ఆయనకీ గుర్తుంది.

శేర్లని ఎందుకన్నానంటే, కిలోలొచ్చి అప్పటికే చాలా ఏళ్లయినా మా వీధిలో బియ్యం శేర్లలోనే లెక్కపెట్టేవాళ్లు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు, ఆ మరుసటేడు నుంచి విడతలవారీగా కిలోలు వచ్చినప్పుడు మా నాయనమ్మ తరం ఆడవాళ్లకి లెక్కలు నేర్పింది ఈ కొట్టేనట. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు పైసలైతే మరి అర్ధణాకి ఎంత, వీశె చింతపండు అంటే ఇప్పుడు ఎంత అని అడిగితే, కిలో మీద ఇంకో నాలుగు వందల గ్రాములమ్మా అని తక్కెడలో పాత రాళ్లు ఒకవైపు, కొత్త రాళ్లు ఒకవైపు వేసి చూపించేవాడట. ప్రభుత్వం చట్టం చేసింది, నిజమే. ఆ చట్టం మా నాయనమ్మకి అర్థమైంది మాత్రం ఆ అరుగు ముందు.

అరుగు అని ఇన్నిసార్లు అంటున్నాను కదా, అసలు చెప్పదలుచుకున్నది దాని గురించే. మీకు అది రోడ్డులోకి పొడుచుకొచ్చిన రెండు వరసల రాళ్లలా కనిపిస్తోంది. మాకు కొట్టంటే అరుగే. మగవాళ్లకి పేపరు చదువుకోవడానికి, లంక పొగాకు చుట్ట కాల్చుకోవడానికి (స్తంభానికి వేలాడే కొబ్బరి తాడు చివర ఎప్పుడూ నిప్పు ఉండేది, అగ్గిపుల్ల ఖర్చు లేకుండా) ఊళ్లో చాలా చోట్లున్నాయి. ఆడవాళ్లకి లేవు. గుడి తప్పిస్తే ఇంటి బయట పది నిమిషాలు కూర్చుని నలుగురితో మాట్లాడే చోటు మా అమ్మకి ఆ అరుగు ఒక్కటే. మధ్యాహ్నం మూడింటికి బేరం ఉండదు, ఎండ వసారా బయటే ఆగిపోయేది, కడప రాయి పరిచిన అరుగు చల్లగా ఉండేది. పావుకిలో పంచదార కోసమని వెళ్లి గంట తర్వాత వచ్చేది. ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది, ఎవరింట్లో గొడవైంది, రేషను ఎప్పుడు వస్తుంది, అన్నీ అక్కడే. ఒకావిడని ఇంట్లో కొడుతున్నారని వీధికి తెలిసింది అక్కడే, నలుగురాడవాళ్లు కలిసి వెళ్లి అడగాలని అనుకున్నదీ అక్కడే. ఆ నలుగురిలో మా అమ్మ ఒకతి.

మా పిల్లలకేమో అది గాజు సీసాల వరస. పిప్పరమెంటు బిళ్లలు, జీళ్లు, చిత్తూరు న్యూట్రిన్ చాక్లెట్లు. ఐదు పైసలు ఇచ్చి ఏది కావాలో తేల్చుకోలేక నిలబడితే కొట్టు తాత విసుక్కోకుండా చూస్తూ కూర్చునేవాడు. చివర్లో వేరుశనగ గింజలు కొన్ని కొసరు. పొట్లం కట్టి పురికొస పళ్లతో కాకుండా వేలితో మెలిపెట్టి తెంపే తీరు నేను ఇప్పటికీ అనుకరించలేను.

ఇప్పుడు ఆ కొట్టు ఆయన మనవడిది. అతన్ని నేను తప్పుపట్టడం లేదు. వీధి చివర పెద్ద సూపర్ మార్కెట్ వచ్చింది, ఫోనులో నొక్కితే సరుకు గుమ్మం దగ్గరికి వస్తోంది, నేనూ తెప్పించుకుంటున్నాను. అతని పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, పొద్దున్నే ఐదున్నరకి పలకలు తీయడానికి వాళ్లు తిరిగి రారు. పెంకులు మార్చాలన్నా, సున్నం గోడ బాగు చేయించాలన్నా పని తెలిసిన మేస్త్రీ సులువుగా దొరకడం లేదు. సిమెంటు పూస్తే ఆ పాత గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక సున్నం లోలోపలే పొడైపోతుంది, ఒకవైపు అలా చేసి చూశాడు కూడా, ఏడాదిలోనే పెచ్చులూడింది. ఇన్ని కష్టాల మధ్య ఉన్నవాడికి మీ ఎర్ర గీత కనిపించేసరికి, ఎలాగూ కొడతారు కదా, మొత్తం పడగొట్టి మూడంతస్తులు వేసి కింద నాలుగు షట్టర్లు పెట్టేస్తానంటున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చెయ్యి ౭ అంకె ఉన్న పలక మీదే ఉంది, నిమురుతున్నాడు. నేను చూశాను.

పోయిన ఇరవై ఏళ్లలో మన ఊళ్లో ఇలాంటి కొట్లు ఎన్ని పోయాయో నాకు తెలిసినంతలో లెక్కపెట్టాను. కాలవ వంతెన దగ్గర రెండు, గుడి వీధిలో నాలుగు, పాత బస్టాండు దగ్గర పిట్టగోడ మీద గాంధీ గారి బొమ్మ ఉన్నది ఒకటి. అన్నీ ఒకే పద్ధతిలో పోయాయి. ముందు అరుగు కొట్టేశారు. అరుగు పోయాక కూర్చునే చోటు లేక జనం ఆగడం మానేశారు, జనం ఆగకపోతే బేరం తగ్గింది, బేరం తగ్గాక కొట్టు అమ్మేశారు. సూపర్ మార్కెట్ వల్ల పోయాయని అందరూ అంటారు గానీ గుడి వీధిలో మూడు కొట్లు సూపర్ మార్కెట్ రాకముందే పోయాయి.

రోడ్డు వెడల్పు వద్దని నేను అనడం లేదు. అంబులెన్సు తిరగలేని సందుల్లో కొట్టాల్సిందే, అక్కడ మా ఇంటి గోడైనా సరే. కానీ పెద్ద బజారు ఒకసారి చూసి రండి. అప్పట్లో రెండు వైపులా కొట్టి వెడల్పు చేశారు. ఇప్పుడు ఆ వెడల్పంతా బైకులు, కార్లు ఆపుకోవడానికి సరిపోయింది, నడిచేవాళ్లు నడిరోడ్డు మీదే నడుస్తున్నారు, బళ్లు పాత వేగంతోనే వెళ్తున్నాయి. అంత సొమ్ము ఖర్చుపెట్టి అరుగులు తీసేసి ఆ చోటుని పార్కింగుకి ఇచ్చాం. మా వీధిలోనూ అదే జరుగుతుందని నాకు భయంగా ఉంది. పైగా మూలకొట్టు దగ్గర మలుపు తెగ్గోసి ఉండడం వల్లే ఇప్పుడు అటు నుంచి వచ్చే బండి కనిపిస్తోంది. రేపు అక్కడ నిలువుగా మూడంతస్తుల మూల లేస్తే ఏమీ కనిపించదు, ఇది మీ ఇంజినీరు గారిని అడిగినా చెబుతారు.

ఇలాంటివి కాపాడలేమని మాత్రం అనకండి. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ సంగతి మీకు తెలిసిందే. 1935లో కట్టింది, టార్పాలిన్ పట్టాలు, కేబుళ్లు, బోర్డుల కింద కనిపించకుండా పోయింది, పూనుకుంటే రాతి గోడలు మళ్లీ బయటపడ్డాయి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు, అందులో అంగళ్లు అంగళ్లుగానే ఉన్నాయి. అయితే అది నిజాం కాలపు గొప్ప కట్టడం, దానికి అడిగేవాళ్లున్నారు. మూలకొట్టుకి ఎవరున్నారు? ఏ జాబితాలోనూ ఉండదు, నూరేళ్లు నిండలేదు, రాజు కట్టలేదు.

అందుకే నాకు సింగపూరు ఉదాహరణ ఎక్కువ నచ్చింది. అక్కడ 1822లో ఊరి ప్లాను వేసినప్పుడే ప్రతి అంగడి ముందు ఐదడుగుల వసారా వదలాలని, అందులో జనం ఎండా వానా తగలకుండా నడవాలని నియమం పెట్టారు. అంటే మనం ఆక్రమణ అంటున్నదాన్ని వాళ్లు తప్పనిసరి చేశారు. తర్వాత ఆ పాత అంగళ్ల వీధుల్ని 1989 నుంచి వరసగా రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. మన తెలుగువాళ్లు వెళ్తే తప్పకుండా చూసొచ్చే లిటిల్ ఇండియా కూడా అందులో ఒకటి. అక్కడ కొన్ని వీధుల్లో ముందు భాగం ఉన్నదున్నట్టు ఉంచి వెనక ఎత్తుగా కట్టుకోనిస్తారు. యజమానికి స్థలం దక్కుతుంది, వీధికి ముఖం మిగులుతుంది. మన దేశంలోనే అహ్మదాబాదు పాత ఊళ్లో ఇల్లు కాపాడుకున్న యజమానులకి టీడీఆర్ ఇస్తున్నారు, అంటే అక్కడ కట్టుకోకుండా వదులుకున్న హక్కుని వేరే చోట వాడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. రోడ్డుకి స్థలం వదిలినవాళ్లకి మీరూ టీడీఆర్ బాండ్లు ఇస్తున్నారు కదా. అరుగు వదులుకున్నవాడికి ఇచ్చేది అరుగు నిలబెట్టుకున్నవాడికి ఎందుకు ఇవ్వకూడదు?

మీకు ఆ అధికారం లేదని కూడా నేను అనుకోవడం లేదు. మునిసిపాలిటీలకి బాధ్యతలు అప్పగించిన 74వ రాజ్యాంగ సవరణ, 1993 నుంచి అమల్లో ఉన్నది, పన్నెండో షెడ్యూలులో రోడ్లు, నీళ్లు, మురుగుతో పాటు సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల్ని పెంపొందించడం కూడా ఒక పనిగా రాసింది. మా ఊళ్లో ఆ మాట కింద ఇప్పటిదాకా జరిగింది సర్కిళ్లలో ఫౌంటెన్లు కట్టడం. ఫౌంటెన్లలో ఇప్పుడు నీళ్లు లేవు.

నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చు పనులు కావు. మా వీధిలో కొట్టే ముందు మార్కింగు పడిన పాత కొట్లన్నిటికీ ఫొటోలు తీయించి కొలతలు రాయించండి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వాళ్లని అడగండి, కట్టడాల కొలతలు తీసి బొమ్మలు గీయడం వాళ్ల విద్యార్థులు చదువులో భాగంగా నేర్చుకునే పనే. తర్వాత ప్రతి అరుగునీ విడిగా చూడండి. మురుగుకాలవ మీదకి తెచ్చి కట్టిన అరుగులు ఉన్నాయి, ఒప్పుకుంటాను, అవి తీసేయండి, కాలవ పూడిపోతే వీధంతా బాధపడాలి. కానీ మూలకొట్టు అరుగు కాలవకి ఇవతలే ఉంది, సొంత పట్టా స్థలంలో ఉంది, దస్తావేజు మనవడి దగ్గరుంది. అక్కడ ఏడడుగుల్ని నడకదారిగా లెక్కేసి, వసారా కింద నుంచి జనం నడిచేలా వదిలేస్తే మీ ప్లానులో రాసుకున్న ఫుట్‌పాత్ మీకు దొరుకుతుంది, కొట్టూ నిలుస్తుంది. వెనక భాగంలో అతను పైకి కట్టుకుంటానంటే అనుమతి ఇవ్వండి. మరమ్మతుకి దరఖాస్తు పెట్టుకుంటే కొత్త కట్టడంలా చూసి ఏళ్లు తిప్పకండి, అతను రెండేళ్లు తిరిగి విసిగిపోయే పడగొడతానంటున్నాడు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఇద్దరున్నారు, ఇద్దరూ డెబ్భై దాటినవాళ్లు, నలుగురు కుర్రాళ్లని వాళ్ల దగ్గర పెట్టి ఒక్క గోడ బాగు చేయించినా ఆ పని ఊళ్లో మిగులుతుంది.

మా వీధి వాళ్లందరూ నాతో ఉన్నారని అబద్ధం చెప్పను. రోడ్డు వెడల్పైతే స్థలం రేటు పెరుగుతుందని సంతోషించేవాళ్లున్నారు. వాళ్లలో ఒకరు నిన్న నాతో వాదించి వాదించి, చివరికి, అక్కా, నేను మొదటిసారి సైకిలు తొక్కి పడింది ఆ అరుగు మీదే అని నుదుటి మీద మచ్చ చూపించాడు. సంతకం మాత్రం పెట్టలేదు. ఇప్పటికి 64 మంది పెట్టారు.

సోమవారం గ్రీవెన్సుకి వస్తున్నాను. కొట్టు తాత మనవడు, నేను కలిసి మొన్న ఆదివారం కొలతలు తీసుకున్నాం, అరుగు లోతు 4 అడుగుల 2 అంగుళాలు, వసారా స్తంభం నుంచి కాలవ అంచుకి అడుగున్నర. ఆ కాగితం, దస్తావేజు నకలు, సంతకాలు తెస్తున్నాను. మీ టౌన్ ప్లానింగ్ వాళ్లు ఆ ముందు రోజు పొద్దున్నే ఐదున్నరకి ఒకసారి అక్కడికి వస్తే మంచిది. పలకలు తీసేటప్పుడు గాడి, దూలం, గోడ మందం అన్నీ బాగా కనిపిస్తాయి. ౭వ పలకని కాస్త పైకి ఎత్తి పట్టుకోవాలి, చెమ్మకి ఉబ్బింది, ఒక్కరి వల్ల కాదు.

ఇట్లు,
ఆ వీధిలో పుట్టి, అక్కడే ఉంటున్న ఒక టీచరు